షూస్, బ్యాగ్ ఆరు నెలలకే పాడవుతున్నాయా? కొనే ముందు షాపులోనే ఇవి చెక్ చేయండి.. చిక్కడపల్లి, అశోక్ నగర్ అభ్యర్థుల కోసం పూర్తి గైడ్

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. పరీక్ష ఎప్పుడు వాయిదా పడుతుందో తెలియదు. కానీ రూమ్ రెంట్, మెస్ బిల్లు మాత్రం నెల నెలా టైమ్‌కి వచ్చేస్తాయి. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడలో ఉంటూ గ్రూప్స్‌కి, పోలీస్ ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యే వేల మంది పరిస్థితి ఇదే. ఇంటి నుంచి వచ్చే డబ్బులకి ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. ఆ లెక్కలో ఎప్పుడూ రాసుకోని ఖర్చులు రెండు.. కాళ్లకి షూస్, వీపుకి బ్యాగ్.

సోల్ ఊడిందని ఒకసారి, జిప్ పోయిందని ఇంకోసారి. తక్కువకి వచ్చిందని కొనడం, నాలుగు నెలలకి పడేయడం. ఏడాది చివర్లో కూడితే మంచి జత, మంచి బ్యాగ్ కొనేంత డబ్బు అప్పటికే ఖర్చయి ఉంటుంది. అలాగని ఎక్కువ రేటు పెడితే ఎక్కువ కాలం వస్తుందన్న గ్యారెంటీ కూడా లేదు. మరి ఏది మన్నుతుందో షాపులో నిలబడి ఐదు నిమిషాల్లో తెలుసుకోవడం ఎలా? పాయింట్ల వారీగా చూడండి.

ఈ ఏరియాలో వాటికి పని ఎక్కువ

ఆఫీసుకి బైక్ మీద వెళ్లొచ్చే వాళ్ల షూస్‌కీ, ఇక్కడి అభ్యర్థుల షూస్‌కీ చాలా తేడా ఉంది. రూమ్ నుంచి కోచింగ్‌కి, అక్కడి నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి, మధ్యాహ్నం మెస్‌కి, రాత్రికి మళ్లీ రూమ్‌కి.. అంతా నడకే. పుస్తకాలు కావాలంటే కోఠి, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్. తెలుగు అకాడమీ పుస్తకాల కోసం హిమాయత్ నగర్. రోజంతా నడక, నడిచినంత సేపూ వీపు మీద బరువు.

దీనికి వాన తోడవుతుంది. హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు వెళ్లే నాలా అశోక్ నగర్ పక్క నుంచే పోతుంది. గట్టి వాన పడితే ఇక్కడి రోడ్ల మీద నీళ్లు నిలవడం కొత్తేమీ కాదు. మడమ దాకా నీళ్లలో నడిచొచ్చిన షూస్ గాలి ఆడని హాస్టల్ గదిలో తెల్లారేసరికి ఆరవు. మర్నాడు ఆ తడి షూసే మళ్లీ వేసుకోవాలి. చాలా జతలు అరిగిపోవడం వల్ల కాదు, ఇలా నాని నానే పోతాయి.

ధర కాదు.. నెలకి ఎంత పడిందో చూడండి

ఉదాహరణకు ఈ లెక్క చూడండి. 700 రూపాయల జత ఐదు నెలలు వచ్చిందనుకుందాం. అంటే నెలకి 140 రూపాయలు. 2,200 రూపాయల జత రెండేళ్లు వచ్చింది, మధ్యలో కుట్టు, మడమ రిపేర్లకి 300 పెట్టారు. మొత్తం 2,500.. నెలకి దాదాపు 104 రూపాయలు. పైకి ఖరీదుగా కనిపించిందే అసలు చవక.

ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ 1993లో వచ్చిన తన 'మెన్ ఎట్ ఆర్మ్స్' నవలలో ఒక పాత్ర చేత ఇదే చెప్పించాడు. ఉన్నవాడు ఒకసారి మంచి బూట్లు కొని ఏళ్ల తరబడి తొడుక్కుంటాడు. లేనివాడు చవక బూట్లు మళ్లీ మళ్లీ కొని, అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టి, అయినా తడి కాళ్లతోనే ఉంటాడు. ఇది 'బూట్ల సిద్ధాంతం' పేరుతో ప్రపంచమంతా పాపులర్ అయింది.

అయితే పై లెక్కలో ఒక మెలిక ఉంది. ఆ 2,200 జతకి రిపేర్ కుదిరింది కాబట్టే రెండేళ్లు వచ్చింది. రిపేర్ చేయడానికి వీల్లేని జతకి ఐదు వేలు పెట్టినా, సోల్ పోయిన రోజే దాని కథ ముగుస్తుంది. అందుకే కొనేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఎంత?' కాదు. 'పాడైతే బాగు చేయించుకోవచ్చా?' అన్నది.

షూస్: ముందు ఏ పనికో తేల్చుకోండి

ఒకే జతతో నడక, రన్నింగ్, వాన, ఫంక్షన్ అన్నీ కానిచ్చేయాలనుకోవడమే మొదటి పొరపాటు.

రోజువారీ నడకకి: రబ్బర్ సోల్ ఉన్న క్యాజువల్ షూస్ లేదా మడమ దిగువ వరకు ఉండే లెదర్ షూస్ సరిపోతాయి. మడమ పైదాకా ఉండే యాంకిల్ బూట్లు చూడ్డానికి బాగుంటాయి కానీ, ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాద్‌లో రోజంతా వేసుకోవడం కష్టం. చెమటకి లోపలి లైనింగ్ త్వరగా పాడవుతుంది కూడా.

డెలివరీ, నైట్ డ్యూటీ చేసే వాళ్లకి: చదువుకుంటూనే సాయంత్రం పూట బైక్ మీద డెలివరీలు చేసే వాళ్లకి మాత్రం యాంకిల్ బూట్లు పనికొస్తాయి. రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ మార్కెట్లలో దొరికే సేఫ్టీ షూస్ కూడా చూడొచ్చు. వీటికి ఐఎస్ 15298 అనే భారతీయ ప్రమాణం ఉంది. గట్టిగా ఉంటాయి. కాకపోతే ముందు భాగంలో స్టీల్ ఉన్నవి బరువు. రోజూ ఎక్కువ దూరం నడిచే వాళ్లకి సెట్ కావు.

పోలీస్ ఈవెంట్స్‌కి: తెలంగాణ పోలీస్ రిక్రూట్‌మెంట్‌లో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. దీని ప్రాక్టీస్‌కి రన్నింగ్ షూస్ విడిగా ఉండాల్సిందే. రన్నింగ్ షూస్‌లో ఉండే మెత్తటి ఫోమ్ సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకే పనిచేస్తుందని చెబుతారు. రోజుకి 5 కిలోమీటర్ల చొప్పున వారానికి ఆరు రోజులు పరిగెత్తితే నాలుగు నుంచి ఆరు నెలలు. అదే జత వేసుకుని కోచింగ్‌కీ, లైబ్రరీకీ తిరిగితే ఈవెంట్స్ రోజు వచ్చేసరికి ఫోమ్ చచ్చిపోయి ఉంటుంది. పైన చూస్తే కొత్తగానే ఉంటుంది, మోకాలికి మాత్రం తేడా తెలిసిపోతుంది.

ఇంకో మాట.. గ్రూప్స్ లాంటి పరీక్షలకి షూస్ కాకుండా చెప్పులతోనే రావాలని హాల్ టికెట్ సూచనల్లో పెట్టిన సందర్భాలున్నాయి. 'ఎగ్జామ్ కోసం కొత్త షూస్' అని కొనే ముందు హాల్ టికెట్ ఒకసారి చదవండి.

సోల్ ఎలా అతికారు? అసలు విషయం ఇక్కడే

షూని తలకిందులు చేసి, పైభాగం సోల్‌తో కలిసే చోటు చూడండి. మూడు రకాలు కనిపిస్తాయి.

1. గమ్‌తో అతికించినవి. మార్కెట్లో ఎక్కువ శాతం ఇవే. తేలిగ్గా, చవకగా ఉంటాయి. తడికి, వేడికి గమ్ వదిలేస్తుంది. ముందుగా వేళ్ల దగ్గర నోరు తెరుస్తాయి. కొనేటప్పుడు షూ ముందు భాగాన్ని చేత్తో వంచండి. అంచు దగ్గర సన్నటి గీతలా గ్యాప్ కనిపించినా, గమ్ మరకలు ఎక్కడపడితే అక్కడ ఉన్నా పక్కన పెట్టేయండి.

2. గమ్ వేసి, అంచు చుట్టూ కుట్టినవి. సోల్ పక్క గోడ మీద దారం కుట్టు కనిపిస్తుంది. రోజువారీ వాడకానికి, మధ్యతరగతి బడ్జెట్‌కి ఇవే బెస్ట్. అయితే కొన్నింటికి కుట్టు ఉన్నట్టు అచ్చు మాత్రమే ఉంటుంది, దారం ఉండదు. గోటితో గీకి చూస్తే తెలిసిపోతుంది. ఇన్‌సోల్ ఎత్తి చూడండి.. నిజం కుట్టు అయితే చాలా మోడల్స్‌లో లోపల కూడా దారం కనిపిస్తుంది.

3. వెల్ట్ కుట్టు వేసినవి. పైభాగానికీ సోల్‌కీ మధ్య ఒక లెదర్ పట్టీ పెట్టి రెండింటినీ దానికి కుడతారు. సోల్ అరిగితే విప్పేసి కొత్తది వేయొచ్చు. ఏళ్ల తరబడి వస్తాయి. ధర ఎక్కువ, మొదట్లో గట్టిగా ఉంటాయి. ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చు.

గమ్‌తో అతికించిన రబ్బర్ సోల్ షూస్ కొన్నా, వాడకం మొదలుపెట్టకముందే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర చుట్టూ కుట్టు వేయించుకోవచ్చు. చిన్న ఖర్చుతో చాలా నెలలు కలిసొస్తాయి. కానీ ఫోమ్ సోల్ రన్నింగ్ షూస్‌కి మాత్రం వేయించకండి. దారం మెత్తటి ఫోమ్‌ని కోసేస్తుంది.

సేల్‌లో పాత స్టాక్.. సోల్ పొడైపోవచ్చు

చాలామందికి తెలియని విషయం ఇది. వాడకుండా డబ్బాలో దాచిన షూస్ కూడా పాడవుతాయి. పీయూ అంటే పాలీయురేథేన్‌తో చేసిన సోల్ తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. కానీ గాలిలోని తేమతో కలిసి లోలోపలే విరిగిపోతుంటుంది. కొన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా ముక్కలుగా, పొడిగా రాలిపోతుంది. 'పెళ్లికి కొన్న బూట్లు నాలుగేళ్ల తర్వాత తీసి వేసుకుంటే సోల్ రాలిపోయింది' అనే మాట వెనక కారణం ఇదే.

అందుకే సగం ధరకే అని సేల్ బోర్డు కనపడితే ముందు డబ్బా మీద లేబుల్ చూడండి. తయారైన నెల, సంవత్సరం ఉంటుంది. పీయూ సోల్ అయితే రెండు మూడేళ్ల పాత స్టాక్ వద్దు. రబ్బర్ సోల్‌కి ఈ భయం తక్కువ. టీపీఆర్ సోల్ కూడా తడికి తట్టుకుంటుంది కానీ రబ్బర్ కంటే త్వరగా అరుగుతుంది. పీవీసీ సోల్ చవక, బరువు ఎక్కువ, తడి గచ్చు మీద జారుతుంది. ఈవీఏ చాలా తేలిక, మెత్తన.. కానీ రోడ్డు మీద నేరుగా తగిలితే త్వరగా అరుగుతుంది. కింద రబ్బర్ పొర ఉన్న ఈవీఏ సోల్ అయితే ఓకే.

లెదరా.. రెగ్జినా.. మెష్షా?

'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉంటే అది తోలే అని మాత్రమే అర్థం. మంచి తోలు అని కాదు. తోలు పై పొరని అలాగే ఉంచి చేసింది ఫుల్ గ్రెయిన్. ఎక్కువ కాలం వచ్చేది అదే. కింది పొరని తీసి, పైన ప్లాస్టిక్ పూత పూసింది స్ప్లిట్ లెదర్. కొన్నాళ్లకి మడత పడే చోట పూత పగులుతుంది. చెక్ చేయడం సులువే. బొటనవేలితో గట్టిగా నొక్కండి. సన్నటి ముడతలు సహజంగా వచ్చి పోతే మంచి తోలు. ప్లాస్టిక్ షీట్‌లా ఒకే సొట్ట పడితే రెగ్జిన్ లేదా మందపాటి పూత.

రెగ్జిన్ షూస్‌కి తడి ఇబ్బంది తక్కువే. కానీ మడత దగ్గర పగిలితే ఇక రిపేర్ లేదు. మెష్ షూస్‌కి గాలి బాగా ఆడుతుంది, మన ఎండలకి హాయి. వాటి బలహీనత బొటనవేలు తగిలే చోటు. ముందు భాగంలో మెష్ పైన రబ్బర్ లేదా సింథటిక్ కవచం ఉన్నది ఎంచుకోండి. కాలి గోళ్లు టైమ్‌కి కత్తిరించుకోండి.. అది కూడా షూస్ ఆయుష్షు పెంచేదే.

లోపల మడమ వెనక భాగాన్ని వేలితో నొక్కి చూడండి. అక్కడ గట్టి అట్టలాంటిది ఉంటుంది. సులువుగా నలిగిపోతే ఆ షూ కొన్ని వారాలకే వంకర తిరుగుతుంది. కొన్నాక కూడా లేసులు విప్పకుండా మడమ తొక్కి వేసుకునే అలవాటు మానుకోండి. మంచి షూస్‌ని కూడా చంపేసేది ఈ అలవాటే.

సైజు తప్పితే మన్నిక కూడా పోతుంది

బిగుతు షూస్ కుట్ల దగ్గర విచ్చుకుంటాయి. వదులు షూస్‌లో కాలు జారి లైనింగ్ చిరుగుతుంది. అందుకే..

- సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి.
- రోజూ వాడే సాక్స్ వేసుకునే ట్రై చేయండి.
- నిలబడినప్పుడు పొడవాటి వేలికీ షూ కొనకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.
- రెండు కాళ్లకీ వేసి చూడండి. చాలామందికి ఒక పాదం కాస్త పెద్దది. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోండి.
- 'వాడితే సాగుతుంది' అంటే నమ్మకండి. తోలు వెడల్పులో కొంచెం సాగుతుందేమో కానీ పొడవు పెరగదు.

ఐఎస్ఐ మార్క్ ఉందా?

పాదరక్షలకి కేంద్రం తెచ్చిన నాణ్యతా నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి కిందకి వచ్చే షూస్ మీద ఐఎస్ఐ మార్క్ ఉండాలి. మార్క్ పైన ఐఎస్ నంబర్, కింద సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబర్ ఉంటాయి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ లైసెన్స్ నంబర్ కొడితే అది అసలుదో కాదో, ఏ కంపెనీదో వచ్చేస్తుంది. చిన్న తయారీదారులకి మినహాయింపులున్నాయి కాబట్టి మార్క్ లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. మార్క్ ఉండి నంబర్ మ్యాచ్ కాకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

'ఫస్ట్ కాపీ' పేరుతో ఫుట్‌పాత్ మీద దొరికే పెద్ద బ్రాండ్ల నకళ్లకి ఏ గ్యారెంటీ ఉండదు. అదే డబ్బుకి పేరు లేని కంపెనీది, కుట్టు వేసిన రబ్బర్ సోల్‌ది కొనుక్కోవడం మేలు.

బ్యాగ్: ముందు బరువు సంగతి

స్కూల్ పిల్లల కోసం కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగ్ బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదు. పెద్దవాళ్లకి అలాంటి రూల్ లేదు. అయినా అదే కొలత పెట్టుకుంటే మంచిది. 60 కిలోల మనిషికి 6 కిలోలు.

ఇప్పుడు అభ్యర్థి బ్యాగ్ చూడండి. ల్యాప్‌టాప్, చార్జర్ కలిపి దాదాపు 2 కిలోలు. లీటర్ వాటర్ బాటిల్ కిలో పైనే. నాలుగు లావు పుస్తకాలు, నోట్స్, టిఫిన్ బాక్స్.. ఏడెనిమిది కిలోలు ఇట్టే దాటుతుంది. ఖాళీ బ్యాగే కిలోన్నర ఉంటే ఇంకేం మిగిలింది? ఖాళీగా ఉన్నప్పుడు కిలో లోపు ఉన్న బ్యాగ్ తీసుకోండి. సైజు 20 నుంచి 25 లీటర్లు చాలు. 35 లీటర్లది కొంటే ఊరెళ్లేటప్పుడు పనికొస్తుందనిపిస్తుంది కానీ, ఖాళీ ఉంది కదా అని రోజూ అవసరం లేని పుస్తకాలు కూడా ఎక్కుతాయి. వాటి బరువుకి ముందు కుట్లు తెగుతాయి, తర్వాత నడుము నొప్పి మొదలవుతుంది.

బ్యాగ్ ఎక్కడ తెగుతుంది? అక్కడే చూడండి

బ్యాగ్ బట్ట చిరిగి పారేసిన వాళ్లు తక్కువ. పోయేది మూడు చోట్లే.. భుజం పట్టీ కుట్టు, జిప్, అడుగు భాగం.

పట్టీ కుట్లు: భుజం పట్టీ పైన బ్యాగ్‌తో కలిసే చోట ఒక్క వరస కుట్టు ఉంటే వద్దు. చతురస్రం గీసి మధ్యలో ఇంటూ గుర్తు వేసినట్టు కుట్టు ఉండాలి. లేదా దగ్గర దగ్గరగా, మందంగా వేసిన బార్‌ట్యాక్ కుట్టు ఉండాలి. పట్టీ పట్టుకుని గట్టిగా లాగండి. కుట్టు రంధ్రాలు పెద్దవై వెలుతురు కనిపిస్తే ఆ బ్యాగ్ పుస్తకాలకి పనికిరాదు. పైన చేత్తో పట్టుకునే హ్యాండిల్‌ని కూడా అలాగే చెక్ చేయండి. బస్సులో, మెట్రోలో అందరూ పట్టుకునేది దాన్నే.

లోపలి అంచులు: బ్యాగ్‌ని లోపలి నుంచి తిరగేసి చూడండి. కుట్టు అంచుల మీద పట్టీ వేసి కప్పి ఉండాలి. పోగులు వేలాడుతుంటే కొన్ని నెలల్లో అంచు ఊడివస్తుంది.

జిప్: జిప్ రన్నర్ వెనక 3, 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది. అది జిప్ పళ్ల వెడల్పుని సుమారుగా మిల్లీమీటర్లలో చెబుతుంది. మెయిన్ అరకి కనీసం 5, వీలైతే 8 ఉండాలి. జపాన్ కంపెనీ వైకేకే జిప్‌లకి మంచి పేరుంది. ఆ అక్షరాలు రన్నర్ మీద ఉంటాయి, అయితే నకిలీలు కూడా ఉన్నాయి. కాబట్టి అక్షరాలు చూసి ఆగకుండా పది సార్లు వేసి తీయండి. మూలల దగ్గర పట్టేస్తే, బట్ట ఇరుక్కుంటే వద్దు.

బట్ట: లేబుల్ మీద 420డి, 600డి, 1000డి అని కనిపిస్తుంది. డి అంటే డెనియర్.. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే కొలత. అంకె పెరిగితే దారం మందం. రోజువారీ వాడకానికి 600డి పాలిస్టర్ సరిపోతుంది. రాపిడిని తట్టుకోవడంలో నైలాన్ పాలిస్టర్ కంటే గట్టిది. ఎండకి రంగు పోకుండా ఉండటంలో పాలిస్టర్ మెరుగు. కాటన్ కాన్వాస్ గట్టిదే కానీ వానకి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది.

అడుగు భాగం: బ్యాగ్‌ని నేల మీద పెట్టేది అడుగు మీదే. అక్కడ రెండు పొరల బట్ట ఉండాలి. ల్యాప్‌టాప్ అర అడుగుని తాకకుండా ఒకటి రెండు అంగుళాలు పైనే ఆగాలి. లేకపోతే బ్యాగ్ కింద పెట్టిన ప్రతిసారీ దెబ్బ ల్యాప్‌టాప్‌కే.

భుజం పట్టీలు: కనీసం రెండున్నర వేళ్ల వెడల్పు, లోపల గట్టి ఫోమ్ ఉండాలి. నొక్కగానే అణిగిపోయే మెత్తటి స్పాంజ్ రెండు నెలలకే పలచబడుతుంది. బరువైన పుస్తకాలు వీపు వైపు, తేలికవి బయటి వైపు పెట్టండి. బ్యాగ్ అడుగు నడుము కిందకి వేలాడకుండా పట్టీలు బిగించండి. ఒక్క భుజానికే తగిలించుకుంటే ఆ ఒక్క పట్టీ మీదే రెట్టింపు బరువు పడుతుంది. తెగేది కూడా అదే.

వానలో సర్టిఫికెట్లు జాగ్రత్త

'వాటర్ రెసిస్టెంట్' అంటే చినుకులకి ఓకే అని మాత్రమే. కుండపోతలో జిప్ నుంచి, కుట్ల రంధ్రాల నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. లోపలి పూత పాతబడ్డాక జిగటగా మారి పొట్టులా రాలితే ఇక ఆ కాస్త రక్షణ కూడా పోయినట్టే.

టెన్త్ మెమో, డిగ్రీ, కులం, స్టడీ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ వెరిఫికేషన్‌కి తీసుకెళ్లే రోజు బ్యాగ్‌ని నమ్ముకోవద్దు. అంచు మడిచి మూసే మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, అప్పుడు బ్యాగ్‌లో పెట్టండి. అన్ని రోజులూ ఒరిజినల్స్ బ్యాగ్‌లో మోసుకు తిరగకండి. బ్యాగ్ పైన వేసే రెయిన్ కవర్ విడిగా చవకగానే దొరుకుతుంది.

తడిస్తే ఏం చేయాలి?

ఇన్‌సోల్, లేసులు తీసి షూస్‌లో పాత న్యూస్‌పేపర్లు కుక్కండి. కరెంట్ అఫైర్స్ కోసం కొన్న పేపర్లకి రూమ్‌లో కొదవుండదు కదా. రెండు మూడు గంటలకి పేపర్ మార్చితే తడి త్వరగా లాగేస్తుంది. లోపల తెల్ల లైనింగ్ ఉంటే ఇంకు అంటుకోకుండా ముందు తెల్ల కాగితం పెట్టండి. తర్వాత ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. మండే ఎండలో, హీటర్ దగ్గర పెడితే తోలు పగులుతుంది, గమ్ వదులుతుంది. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.

వీలైతే రెండు జతలు మార్చి మార్చి వాడండి. చెమట ఆరడానికి షూస్‌కి ఒక రోజు గ్యాప్ దొరుకుతుంది. వానాకాలంలో రెండో జత అంటే ఖరీదైన షూసే కానక్కర్లేదు. పట్టీ ఉన్న ప్లాస్టిక్ శాండిల్స్ చాలు. నీళ్లు నిలిచిన రోజు వాటితో వెళ్లండి, మంచి షూస్‌ని రూమ్‌లోనే ఉంచండి.

రిపేర్‌కి ఏది కుదురుతుంది?

జిప్ మూసినా వెనక తెరుచుకుంటుంటే చాలాసార్లు పోయింది జిప్ కాదు, రన్నర్. కొత్త రన్నర్ వేయిస్తే బ్యాగ్ మళ్లీ నడుస్తుంది. అర్జెంటైతే కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ రెండు పక్కలా మెల్లగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది. జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి. పట్టీ కుట్టు కొంచెం వదిలినప్పుడే కుట్టించేయండి. పూర్తిగా ఊడితే బట్ట కూడా చిరుగుతుంది.

షూస్‌లో సోల్ నోరు తెరవడం, మడమ అరగడం, లైనింగ్ చిరగడం.. మూడూ బాగుచేయించుకోవచ్చు. సోల్ మధ్యలో అడ్డంగా పగిలినా, పీయూ పొడిలా రాలుతున్నా డబ్బులు పెట్టకండి. సూపర్ గ్లూ వేసి మీరే అతికించుకోవద్దు. అది గట్టిపడి నడకకి విరిగిపోతుంది, తర్వాత షూ గమ్ కూడా అతుక్కోదు.

బిల్లు అడగండి.. అది మీ హక్కు

- బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.
- లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోను అనడం కూడా అదే కిందకి వస్తుంది. 'అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు' అని బోర్డు పెట్టినంత మాత్రాన లోపం ఉన్న సరుకు బాధ్యత తప్పదు.
- షాపు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.
- జత ధర 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. అంతకు మించితే 18 శాతం. ఆ గీతకి కాస్త అటూ ఇటూ ఉన్న జతలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చేతిలో డబ్బు తక్కువుంటే ముందు ఏది?

రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు షూస్‌కే పెట్టండి. బ్యాగ్ పాతదైనా కుట్టించుకుని నెట్టుకురావచ్చు. సీనియర్లు రూమ్ ఖాళీ చేసేటప్పుడు వదిలేసేది తీసుకున్నా ఫర్వాలేదు, కుట్లు, జిప్ బాగుంటే చాలు. షూస్ మాత్రం ఇంకొకరు వాడినవి వద్దు. లోపలి ఇన్‌సోల్, మడమ వాళ్ల నడకకి తగ్గట్టు అరిగి ఉంటాయి. ఫంగస్ భయం కూడా ఉంటుంది.

పుస్తకాల కోసం కోఠి వెళ్లినప్పుడే సుల్తాన్ బజార్, అబిడ్స్ షాపుల్లో రేట్లు అడిగి రండి. నారాయణగూడ తర్వాతి మెట్రో స్టేషన్ సుల్తాన్ బజారే. ఆ రోజే కొనాలని లేదు. రెండు మూడు చోట్ల చేత్తో పట్టి చూశాక తేడా మీకే తెలుస్తుంది.

కొనే ముందు ఒక్కసారి..

- షూ ముందు భాగం వంచితే గ్యాప్ రాకూడదు.
- సోల్ చుట్టూ నిజం కుట్టు ఉందా, అచ్చు మాత్రమేనా?
- డబ్బా మీద తయారీ తేదీ చూశారా?
- సాయంత్రం పూట, సాక్స్‌తో, రెండు కాళ్లకీ వేసి చూశారా?
- బ్యాగ్ పట్టీ లాగితే కుట్టు రంధ్రాలు తెరుచుకుంటున్నాయా?
- జిప్ పది సార్లు వేసి తీశారా?
- ఖాళీ బ్యాగ్ కిలో లోపు ఉందా?
- బిల్లు తీసుకున్నారా?

ఈ ఎనిమిదీ చూడటానికి ఐదు నిమిషాలకి మించి పట్టదు. ప్రిపరేషన్ ఎన్నాళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. కనీసం నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మధ్య షూస్, బ్యాగ్ మళ్లీ కొనే పని లేకుండా చూసుకుంటే, ఆ డబ్బుతో ఒక టెస్ట్ సిరీస్ ఫీజో, ఒక నెల మెస్ బిల్లులో కొంత భాగమో గడిచిపోతుంది.